తొణకని కాఫీ

రెండో గేరు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు కారు మళ్లీ ఎగిరిపడింది.

వెనక సీట్లో పెట్టిన దిండు కింద పడింది. ధన్య బండి వేగం తగ్గించింది.

ఆ దిండు అమ్మ కోసం.

అమ్మ మృణాళినికి వెన్నెముక ఆపరేషనయింది. ఆ సాయంత్రమే డిశ్చార్జి. "ఇల్లు చేరేదాకా ఒక్క కుదుపు కూడా తగలకూడదు, జాగ్రత్త" అని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఆంబులెన్సు మాటెత్తితే అమ్మ ఏడుపు లంకించుకుంటోంది. నాన్న అందులో వెళ్లే తిరిగిరాలేదు మరి. ఆటోమేటిక్ అయితే మెత్తగా పోతుందని ఎవరో అంటే, ధన్య వెతికి వెతికి ఈ పాత బండి కొంది. తీరా చూస్తే ఇదీ దాని వరస.

తొండియార్‌పేటలో దొరస్వామి మెకానిక్ షెడ్డు ముందు బండి ఆపి అద్దంలోకి చూసింది.

సౌకార్‌పేట సిగ్నల్ దగ్గర చూసిన స్కూటరే వెనక వచ్చి ఆగింది. దాని మీద తెల్లచొక్కా ముసలాయన. దిగి గేటు పక్కన నిలబడ్డాడు. కళ్లు ఆమె మీద లేవు, కారు మీదే ఉన్నాయి.

ధన్య బండి దిగింది. గబగబా లోపలికి నడిచింది.

దొరస్వామి గేరుబాక్సు ఆయిలు రెండు చుక్కలు వేలికి రాసుకుని వాసన చూశాడు. మాడిన వాసన లేదు. బండి కింద దూరి బోల్టులన్నీ తట్టి చూశాడు. చివరికి లాప్‌టాప్ తగిలించాడు. అందులోనూ ఏ తప్పూ కనబడలేదు.

"బండి బాగానే ఉండాది మా. ఈ మాదిరి గేరుబాక్సు నడిపేవాళ్ల కాలు చూసి నేర్చుకుంటాది. దీన్ని ఎవరో రొంబ మెత్తగా నడిపినారు. మీ కాలు దానికి కొత్త, అంతే."

"ఇప్పుడేం చేద్దామన్నా?"

"నేర్చుకుందంతా చెరిపేస్తే, మళ్లీ మొదటి నుంచి మీ కాలు నేర్చుకుంటాది."

"చెరపొద్దు మా."

గేటు దగ్గరి మనిషి లోపలికి వచ్చేశాడు.

"ఎవరు మీరు? సౌకార్‌పేట నుంచి నా వెనకే వస్తా ఉండారు."

"ఈ బండిని ఇన్నాళ్లూ నేనే నడిపితిని. సిగ్నల్లో చూస్తే మనసు ఆగలేదు. మీరు గట్టిగా తొక్కతా ఉండారు మా. అందుకే అది బెదరతా ఉండాది."

"నాకు నడపడం వచ్చు."

"రాదనలేదు. ఆ ఎదురంగడిలో నిండు టంబ్లరు కాఫీ తెప్పించి వెనక సీట్లో పెట్టండి. టోల్‌గేటు దాకా పోయి వస్తా. ఒక్క చుక్క ఒలికితే అప్పుడు చెరిపేయండి."

చెబుతూ చెబుతూ ఆయన అలవాటుగా జేబులోంచి తాళం తీశాడు.

ధన్య చూపు దాని మీద పడింది. అచ్చం తన బండి తాళం. రెండో తాళం పోయిందన్నాడే బండి ఇప్పించిన బ్రోకరు!

బండి అమ్మినట్టే అమ్మి, రెండో తాళంతో ఎత్తుకుపోయేవాళ్ల సంగతి ఆమె ఎన్నిసార్లు వినలేదు? ఆర్‌సీ పుస్తకంలో పాత ఓనరుగా ఉన్నది గోవిందమ్మ అని ఆడమనిషి పేరు. అంటే వీడు ఆమె దగ్గర పనిచేసిన డ్రైవరన్నమాట.

"ఓనరమ్మకు ఇయ్యకుండా తాళం దాచుకున్నావా?" మాటలో మర్యాద కాస్తా ఎగిరిపోయింది.

ఆయన తల దించుకున్నాడు.

"ఇయ్యలేకపోతిని మా."

తాళం ఆమె చేతిలో పెట్టాడు. కారు బానెట్ మీద ఒకసారి అరచెయ్యి ఆనించాడు.

"మెల్లగా తొక్కండి. మిగిలింది అదే చూసుకుంటాది."

స్కూటరు వెళ్లిపోయింది. ధన్య బ్రోకరు కన్నియప్పన్‌కు ఫోన్ చేసింది. ఎత్తలేదు. తాళం ఫోటో తీసి, తెల్లచొక్కా ముసలాయన సంగతి రాసి పంపింది.

"ఆయన చెప్పినట్టు ఒకసారి మెల్లగా తొక్కి చూస్తామా మా?" అన్నాడు దొరస్వామి.

భయపడ్డ మనిషికి మంచిమాట చెవికెక్కుతుందా?

"దొంగ మాట నమ్మమంటావా అన్నా? అవతల నాకు టైమయిపోతా ఉండాది. చెరిపేయ్."

దొరస్వామి మీట నొక్కాడు.

ఇద్దరూ కారెక్కి వీధి చివరిదాకా వెళ్లారు. ఇంతకుముందు ఒక్క చోటే కుదిపిన బండి, ఇప్పుడు ప్రతి గేరుకూ కుదిపింది. భయం కొద్దీ ధన్య కాలు ఆనీ ఆననట్టు పెట్టి చూసింది. అయినా కుదిపింది.

"ఇదేంటన్నా?"

"ఇప్పుడిది పసిబిడ్డ మాదిరి మా. నేర్చుకునేదానికి కొన్ని దినాలు పడతాది."

"ఆపరేషనయిన మా అమ్మను ఈ సాయంత్రం ఇందులోనే తీసుకుపోవాలి."

"అయ్యో, అది నాకు చెప్పలేదే మీరు."

నిజమే, చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ధన్యకు ఏడుపొచ్చింది.

అప్పుడు మోగింది ఫోను. కన్నియప్పన్.

"ఫోటో చూసినా మా. తాళం ఇచ్చేసినాడా దామోదరం సారు? పాపం, ఎంత అడిగినా ఇయ్యలేదు. పోయిందనుకోమన్నాడు."

"వాడు పాత ఓనరు దగ్గర డ్రైవరే కదా?"

"డ్రైవరేంది మా? గోవిందమ్మ మొగుడాయన. నడుము విరిగిన ఆమెను ఏండ్ల తరబడి ఆ బండిలోనే ఆస్పత్రికి తిప్పినాడు. వెనక సీట్లో దిండుకు ఆనుకుని ఆమె టంబ్లరుతో కాఫీ తాగతా పోయేది. కండ్లు మూసేదాకా ఆయమ్మకు ఒక్క కుదుపు కూడా తగలనీలేదు."