దాని దీపం దానిదే

"ఇంకా సున్నాయేనా అమ్మా?" అన్నారు యార్డు యజమాని పెదబాబు, తెరలోకి తొంగిచూస్తూ.

ఆశాజ్యోతి తీగలన్నీ మరోసారి బిగించి చూసింది. రావులపాలెం అరటి యార్డులో గెలలు లెక్కపెట్టే ఈ కెమెరా, ఆమె ఒక్కతే వచ్చి బిగించిన మొదటి యంత్రం. మధ్యాహ్నంలోగా ఇది పనిచేయకపోతే ఉద్యోగం మీద ఆశ వదులుకోమని ఆమె కంపెనీ మేనేజరు ముందే చెప్పాడు. పొద్దున కొబ్బరికాయ కొట్టి, గంధం మీద కుంకుమ దిద్ది, లెన్సుకు అడ్డం రాకుండా బంతిపూల దండ వేసి మరీ మొదలుపెట్టారు. ఇంత మర్యాద చేసినా ఆ మహానుభావుడికి నలభై గెలల్లో ఒక్కటీ కనబడలేదు.

"ఎండ పడుతోందేమో. గొడుగు పట్టించనా?"

"ఎండ దీన్నేం చెయ్యదండి. తన దీపం వెలిగించి ఒక ఫోటో, ఆర్పి ఒక ఫోటో తీస్తుంది. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే ఎండ పోయి, దాని వెలుగొక్కటే మిగులుతుంది. ఆ వెలుగులోనే చూస్తుంది."

పెదబాబు చూపు యెహెజ్కేలు మీద పడింది. పాతికేళ్లుగా ఆ యార్డులో గెలలు లెక్కపెట్టేది అతనే.

"పొద్దున్నుంచీ దాని పక్కనే ఉన్నావు. ఏమైనా కెలికావా?"

యెహెజ్కేలు ఆ మాట పట్టించుకోలేదు. "దాని దీపం ఎక్కడుందమ్మా?"

"ఆ వెలుగు మన కంటికి ఆనదు బాబాయ్. లెన్సు పక్కన ఆ నల్లగాజు వెనకాల..."

చూపించబోయిన ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. రూపాయి బిళ్లంత బొట్టు ఆ గాజును పూర్తిగా కప్పేసింది.

యెహెజ్కేలు భుజం మీది తుండుతో తుడిచాడు. తర్వాతి గెల కెమెరా ముందుకు రాగానే తెర మీద ఒకటి పడింది. తర్వాత రెండు, మూడు. హమ్మయ్య అనుకుంది ఆశాజ్యోతి. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

"అక్కడ బొట్టు పెట్టిందెవరు?" పెదబాబు గొంతు లేచింది. "మీ మేనేజరు గారికి పేరు చెప్పాల్సిందేనమ్మా."

"నేనేనండి," అన్నాడు యెహెజ్కేలు.

"చర్చికెళ్లేవాడివి, నీకు బొట్టేంటయ్యా?"

"మీరంతా పూజ చేస్తుంటే ముచ్చటేసిందండి."

పెదబాబు ఫక్కున నవ్వేశారు. "నిన్నేమంటాం? పోనీలే. యంత్రం బాగుందని చెబుతానమ్మా మీ వాళ్లకి."

యెహెజ్కేలు తుండు దులుపుకుని గెలల వైపు వెళ్లిపోయాడు. ఆశాజ్యోతి కుళాయి దగ్గరికెళ్లి ఉంగరపు వేలు గట్టిగా రుద్దుకుంది.

పొద్దున ఆ బొట్టు పెట్టింది ఆ వేలే.