నెల దాటిన ఫైలు

"చెప్తావా, చెప్పవా?"

వస్తూనే కుర్చీ లాక్కుని మరదలి పక్కన బైఠాయించింది వదిన. మరదలు హెడ్‌ఫోన్లు మెడ మీదికి దించి, కాలి కింది పెడల్ మీంచి పాదం తీసి రికార్డింగు ఆపింది.

"దేని గురించి వదినా?"

"ఆఁ?"

"దేని గురించీ అంటున్నా."

"మా కింది వాటా టైలర్ గురించి. రెణ్ణెల్ల కిందట ఆ పెద్ద వీధి ఆసుపత్రి మెట్లు దిగుతుంటే చూశాను. మొహం వేలాడేసుకుని దిగుతున్నాడు. ఆ ఆసుపత్రి పనంతా నీ దగ్గరికే వస్తుందిగా. ఏమిటట అతని జబ్బు?"

వస్తుంది. డాక్టర్లు రోగిని చూశాక రికార్డు చేసి పంపిన మాటల్ని విని, రిపోర్టుగా టైపు చేసివ్వడమే మరదలి పని. ఉద్యోగం కాదు, ఇంట్లో కూర్చుని సొంతంగా చేసుకునేది. ఒక్క ముక్క బయటికి పొక్కిందా, రేపట్నించి పలకరించేవాడుండడు. ఇక వదినంటారా, ఆవిడవి పాముచెవులని బంధువులందరిలో పేరు. మూడో ఇంట్లో గిన్నె పడితే అది ఇత్తడిదో స్టీలుదో చెప్పేస్తుందని ఆవిడ ముందే వేళాకోళం చేస్తారు. అలాంటి మనిషి పనిగట్టుకుని వచ్చిందంటే ఉత్త చేతులతో పోదు.

"ఆ ఫైలు నా దగ్గర లేదు వదినా."

"ఎందుకు లేదూ? ఎక్కడో దాచే ఉంటావు."

"దాచను. డాక్టరు చూసి సరేనన్నాక ఒక నెల ఉంచుతాను, తప్పులుంటే దిద్దాలి కాబట్టి. నెల దాటితే తుడిచేస్తాను. అసలు రికార్డు ఆసుపత్రిలో ఎలాగూ ఉంటుంది. ఊళ్ళోవాళ్ళ గుట్టంతా నా ఇంట్లో పెట్టుకోవడం ఎందుకు, కొరివితో తల గోక్కోవడం కాకపోతే?"

వదిన కళ్ళార్పకుండా ఆమె మూతి వంకే చూసింది. నమ్మలేదన్నమాట, అనుకుంది మరదలు. కిందికి వంగి పెడల్ పక్కకి జరుపుతూ, "అయినా మీరెందుకు వెళ్ళారు ఆ ఆసుపత్రికి?" అంది.

వదిన జవాబు చెప్పలేదు. గిట్టని ప్రశ్న అయితే ఎవరైనా అంతే.

"పోనీ నీ బుర్రలోనైనా ఉంటుందిగా?" అంది.

"బుర్రదాకా ఎక్కడొస్తుంది! చెవిలో పడ్డ మాట వేళ్ళల్లోంచి జారిపోతుంది. పొద్దున కొట్టిన పేరు సాయంత్రం అడగండి, తెల్లమొహం వేస్తాను. పైగా మూణ్ణెల్ల కిందట కొత్త సాఫ్ట్‌వేరొకటి పెట్టుకున్నా. టైపు చేసే పేజీలో రెండక్షరాలు కొడితే చాలు, నా అలవాటు పట్టేసి మిగతాది అదే నింపుతుంది. సగం చాకిరీ దానిదే."

"ఏదీ, లేదని చూపించు."

మరదలికి రోషం వచ్చింది. ఈ నెల ఫైళ్ళకి తాళం వేసి, మిగతాదంతా తెరిచి చూపించింది. ఖాళీ. చెత్తబుట్ట బొమ్మ నొక్కి చూపించింది. అదీ ఖాళీ. కాగితాలు ముక్కలు చేసే మిషను కింద బుట్టలో వదిన చెయ్యి పెట్టి కెలికితే, వేలెడు వెడల్పైనా లేని పీలికలు తగిలాయి.

"ఇంకా నమ్మకం లేకపోతే మీరే పేరు కొట్టి వెతుక్కోండి," అని కీబోర్డు ఆవిడ ముందుకి తోసింది.

"నువ్వు అటు తిరుగు."

టైలరు పేరు కొట్టడానికి ఇంత గుట్టా! మరదలు నవ్వాపుకుంటూ కిటికీ వైపు తిరిగింది. వెనక నుంచి ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నొక్కుతున్న చప్పుడు. ఎంతకీ అవదే. ఆ టైలరుకి ఇంత పొడుగు పేరుందా?

చప్పుడు ఆగింది. మరదలు తిరిగి చూసేసరికి తెర మీద ఏమీ దొరకలేదన్న మాటొక్కటే ఉంది. కొట్టిన పేరుని వదిన అప్పటికే చెరిపేసింది. మొహం మాడ్చుకుంటుందనుకున్న మనిషి హాయిగా వెనక్కి వాలి, "పీడా విరగడైంది," అని ఊపిరి పీల్చుకుంది.

ఇదెక్కడి చోద్యం! సంగతి చెప్పమని ఇంతసేపు పీక్కుతిన్నదీ ఈవిడే, దొరక్కపోతే సంబరపడుతున్నదీ ఈవిడే. అటు తిరిగి బుట్ట సర్దుతూ, "పీడేమిటి వదినా?" అనడిగింది మరదలు. ఈసారీ బదులు లేదు. ఊళ్ళోవాళ్ళ జబ్బులన్నీ విని మరిచిపోయే మనిషి, వదిన మనసులో ఏముందో తెలియక కొట్టుకుపోతోంది.

"ఎలాగూ వచ్చాను," అంది వదిన, "ఓ ఉత్తరం కొట్టిపెట్టమ్మాయ్. పైవాటా వాళ్ళ నీళ్ళు మా గోడలోంచి కారుతున్నాయి. నోటితో చెబితే ఓనరు పట్టించుకోవడం లేదు."

అడిగింది లేదన్నాను, ఈ పాటి పనైనా చేసి పంపిద్దాం అనుకుని మరదలు కొత్త పేజీ తెరిచింది. ముఖం ఆవిడ వైపు తిప్పి, "మీ పూర్తి పేరు చెప్పండి, ఇంటిపేరుతో సహా. మాకు తెలిసింది వదినే కదా," అంది.

వదిన నవ్వి, ఇంట్లో ఎవరూ పిలవని ఆ పొడుగాటి పేరు చెప్పింది.

మరదలు రెండక్షరాలు కొట్టింది. మిగతా పేరంతా దానంతటదే వచ్చేసింది.

"భలే ఉందే! నా పేరు దానికెలా తెలుసు?" అంటూ వదిన తెర మీదికి వంగింది.

మరదలు చెయ్యి అడ్డం పెట్టేలోపే పేరు వెనకాల వాక్యం కూడా వచ్చి కూర్చుంది: "రెండు చెవులకూ వినికిడి ముప్పాతిక వంతు పోయింది, ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియనివ్వద్దని మరీ మరీ కోరారు."