పొగ అలలు

మళ్లీ మసి ముద్దలుగానే అంటుకునింది.

జోయల్ దీపం ఆర్పేసి, సైకిలు ఫ్రేము ముందర తల పట్టుకోని కూసున్నాడు.

ఆ సైకిలు వాళ్ల నాయన ఓబయ్యది. తడి ఆరని మీగడరంగు మీద దీపపు పొగతో అలలు తేల్చి ఓబయ్య వార్నీసు పూసినాడంటే, రేణిగుంటలో సైకిలుండే ప్రతివాడూ ఆయన షెడ్డు ముందర నిలబడాల్సిందే. తలుపేసుకోని చేసేవాడు. దుమ్ము పడతాదని కొడుకును గూడా లోపలికి రానీలేదు.

ఇప్పుడు ఆ మనిషి లేడు. ఆదివారం ఆయన జ్ఞాపకార్థ కూటం. తుప్పుబట్టిన ఈ సైకిలును ఆ పొద్దుటికి ముందరి మాదిరిగా చేసి నాయన ఫోటో పక్కన నిలబెట్టాలని జోయల్ పంతం. పాతరంగంతా గీకేసినాడు. చూసి చేసేదానికని ముందుచక్రం ఫోర్కు మీద మాత్రం బెత్తెడు అలలు ఉంచినాడు.

వాకిట్లో ఎవరో దగ్గినారు.

బక్కచిక్కిన ముసలామె. చంకలో మూట, మూటలోంచి పొయ్యి ఊదే గొట్టం బయటికి పొడుచుకోనుండాది.

"ఒక్కడివే చేస్తే రాదు నాయనా," అనింది.

జోయల్‌కు ఒళ్లు మండింది.

"ఓబయ్య కొడుకుని నేను. నాకు చెప్పొచ్చినావా?"

ఆమె ఏందో చెప్పబోయింది. దగ్గుతెర చెప్పనీలేదు. తుంపర్లు రంగు మీద పడతాయని జోయల్ ఆమెను బయటికి తరిమి తలుపేసుకున్నాడు.

మర్నాడూ వచ్చింది. ఎదురుగా టీ అంగడి అరుగు మీద కూసోని షెడ్డు పక్కే చూస్తా ఉండింది. అదేం రోగమో ఏం పాడో, ఆడినుంచి పంపించెయ్యమని అంగడి కుప్పుస్వామికి జోయలే చెప్పినాడు. కుప్పుస్వామి పాపం, ఒక టీ పోసి పంపించినాడు.

శనివారం దాకా మసి ముద్దలే. విసుగొచ్చి జోయల్ అంతా నల్లరంగు కొట్టేసినాడు. ఆ బెత్తెడు అలల మీద గూడా.

కూటం అయినాక కుప్పుస్వామి ఊదుగొట్టం తెచ్చి జోయల్ చేతికిచ్చినాడు. ఆ ముసలామె అంగడి కాడినుంచి పోతా, ఓబయ్య కొడుక్కిమ్మని పెట్టిపోయిందంట. నిన్న పొద్దున రైలు స్టేషన్లో చచ్చిపడుంటే, దిక్కులేని శవమని పోలీసులు ఎత్తుకపోయినారంట.

జోయల్ తల్లి గంగులమ్మ ఆ గొట్టం లాక్కోని తిప్పి చూసింది. దాని కొనకు పాత మీగడరంగు మరకలు.

"దేవకక్క వచ్చిందా? నీకు సాయంగా రమ్మని సూళ్లూరుపేటకు నేనే కబురంపితిని. వస్తాదో రాదో అని నీకు చెప్పలేదు."

"ఎవరుమా ఆమె?"

గంగులమ్మ నల్లటి ఫోర్కును తడిమింది.

"మీ నాయనకు ఒక చెయ్యి ఫ్రేముకు, ఒక చెయ్యి దీపానికి సరిపోయేది. నీ చిన్నప్పుడు, ఆ మూసిన తలుపు వెనక ఆయన పక్కన కూసోని, ఈ గొట్టంతో పొగను ఊది అలలు తేల్చింది ఆయమ్మే. ఆ పొగ మింగీ మింగీనే రా, ఆయమ్మకు ఆ దగ్గు వచ్చింది."