మర్యాద తెలిసిన మానిటర్

ఫోటోల్లో రంగులు సరిగ్గా దిద్దడానికి మంచి మానిటర్ కొందామని స్టూడియో హనుమేశ్ రాయచూరు వెళ్లాడు. పరీక్షకని తన మిద్దె మీద ఆరేసిన తెల్లచొక్కా ఫోటో తీసుకెళ్లాడు.

అన్నిటికన్నా ఖరీదైన మానిటర్‌లో చొక్కా బూడిదరంగులో కనిపించింది.

"ఇది ఉన్న రంగు ఉన్నట్టే చూపిస్తది అన్నా," అన్నాడు దుకాణదారు.

"నా చొక్కా రంగు నాకు తెల్వదా? ఇంకోటి చూపియ్యి."

నాలుగో మానిటర్‌కు మర్యాద తెలుసు. చొక్కాను మల్లెపువ్వులా చూపించింది. హనుమేశ్ దాన్నే కొని ఇంట్లో పెట్టి, భార్య సౌభాగ్యను కేకేశాడు.

"చూడు, అసలు రంగంటే గిది!"

మిద్దె మీంచి అప్పుడే తెచ్చిన ఆ చొక్కాను ఆమె ఒక్కసారి దులిపింది. ఊరి పక్కనున్న బొగ్గు కరెంటు ప్లాంటు నుంచి వచ్చి దానిమీద పడిన బూడిద కొత్త తెర నిండా పరుచుకుంది.

"సరే, రేపటి సంది బట్టలు దీంట్లనే ఆరేస్త."