నేను దిగను

రాసుకోవయ్యా పోలీసూ. నాకు అక్షరం రాదు గానీ నోరుంది.

ఈ లీమా పట్నంలో టిక్కెట్టు కొని బస్సెక్కుతాను. ఆఖరి స్టాపులో దిగకుండా మళ్ళీ టిక్కెట్టు కొంటాను. ఇదేనా నేరం?

ఇవాళ బస్సు అబన్‌కాయ్ వీధిలో పక్క బండ్లను గీరుకుంటూ, హారన్లు మోగిస్తూ ఆఖరి స్టాపు చేరింది.

"దిగు అవ్వా! ఇది బస్సా, నీ మంచమా?" అన్నాడు కండక్టరు ఎల్మెర్.

"మంచానికి ఎవడైనా టిక్కెట్టు కొడతాడట్రా?" అన్నాను. వాడు మిమ్మల్ని పిలిచాడు.

వాడికి ముందు ఆ బస్సులో కండక్టరుగా తలుపు పట్టుకుని వేలాడింది నా కూతురు నెలిదా. పక్క బస్సుతో పందెంలో అక్కడినుంచే పడి చచ్చిపోయింది. స్టాపుల పేర్లు సాగదీసి పిలవడం వాడికి నేర్పింది అదే.

దాని ఫొటో ఇంట్లో ఉంది. గొంతు మాత్రం వాడి పిలుపులోనే మిగిలింది.

నన్ను ఎక్కనివ్వొద్దని మాత్రం రాయకు నాయనా.