నాలుగు క్రెడిట్ల ప్రథమ చికిత్స

పద్నాలుగు పేపర్లలో పదమూడు గట్టెక్కాయి. పద్నాలుగోది మూడోసారి కూడా వెనక్కి వచ్చింది.

"ప్రథమ చికిత్స. నాలుగు క్రెడిట్లు. ఇది మాత్రం బదిలీ అవదమ్మా" అన్నాడు కిటికీ వెనక గుమస్తా.

కిటికీ ఇవతల నిలబడ్డ నర్సుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇరవై రెండేళ్లుగా ఆమె చేస్తున్నది ఆ పనే. కాలు విరిగినవాళ్లూ, కరెంటు కొట్టినవాళ్లూ, నాణేలు మింగిన పిల్లలూ ముందు ఆమె చేతుల్లో పడి, ఆ తర్వాతే డాక్టరు దాకా వెళ్లేవారు. ఎప్పుడో చదివిన డిప్లొమాని ఈ విశ్వవిద్యాలయం డిగ్రీలో కలుపుకుంటే హెడ్ నర్సు పోస్టు ఆమెదేనని ఆసుపత్రిలో మాట ఇచ్చారు. ఈ ఏడాదే గడువు. అది దాటితే, నిన్న గాక మొన్న తను సిరంజి పట్టుకోవడం నేర్పిన పిల్ల వచ్చి తన నెత్తిన కూర్చుంటుంది.

"డిప్లొమాలో నేర్పారండీ" అంది.

"విడిగా పేపరేదీ మరి?"

"అన్ని పేపర్లలోనూ కలిపి చెప్పారు."

"అన్నిట్లో ఉందంటే ఎక్కడా లేనట్టే కదా."

గుమస్తా నియమాల పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించాడు. అతనికి అది కంఠతా వచ్చు. అయినా చూపిస్తే గానీ తోచదు.

"పేరుకి పేరు, పాఠానికి పాఠం సరిపోతేనే బదిలీ. లేదంటే ఇక్కడ నమోదు చేసుకుని చదవాలి. డెబ్బై ఐదు శాతం హాజరుంటేనే పరీక్ష. క్లాసు సోమవారం పదింటికి."

"ఆ టైముకి నాకు డ్యూటీ ఉందండీ."

"మార్పించుకోండి."

"అదీ అయింది. బుధవారానికి మార్పించుకుంటే క్లాసు కూడా బుధవారానికే వెళ్లింది. మళ్లీ సోమవారానికి తెచ్చుకున్నా. అదీ వెంటే వచ్చింది."

"మీ గ్రహాలు బాగున్నట్టు లేవు." గుమస్తా నిజంగానే జాలిపడ్డాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇంకో మాట. ఆ క్లాసు చెప్పే ఆవిడ బయటినుంచి వస్తుందట. పిల్లలు గడియారం మేడం అంటారు. నిమిషం ఆలస్యమైతే గుమ్మం బయటే. ఒక్క శాతం తగ్గిందని మా మేనల్లుణ్ణి పరీక్ష రాయనివ్వలేదు, మహాతల్లి. ముందే వెళ్లి మంచి చేసుకోండి."

నర్సు ముఖం కందిపోయింది. "విన్నానండీ" అని అక్కణ్ణుంచి కదిలింది.

సాయంత్రం ఇంట్లో ఈ భాగోతమంతా బస్సు డ్రైవరైన భర్తకి చెప్పింది.

"పోనీ, ఆ మేడం కాళ్లావేళ్లా పడరాదూ?" అన్నాడతను.

"బతిమాలితే కరిగే రకం కాదావిడ."

"అదీ నిజమే. రాయైనా కరుగుతుంది గానీ!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు.

"పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం" అని ఆమె గిన్నె మీద మూత దభీమని పెట్టింది. నవ్వేవాడికేం, పోయేది అతని పోస్టు కాదుగా!

శుక్రవారం విశ్వవిద్యాలయంలోనే ఆ గుమస్తా పై అధికారి గదికి వెళ్లింది. నమోదుకి అదే ఆఖరి రోజు. ఆయన టీలో బిస్కట్టు ముంచుకుంటున్నాడు. ఆమె ఆసుపత్రి ఇచ్చిన తన డ్యూటీ ఉత్తరం బల్ల మీద పెట్టింది. ఆయన ఒకసారి చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. బిస్కట్టు ముక్క గొంతుకి అడ్డం పడింది. దగ్గూ రాదు, మాటా రాదు. మనిషి నీలం తిరిగిపోతున్నాడు.

ఆమె బల్ల చుట్టూ ఒక్క అంగలో వచ్చింది. ఆయన్ని ముందుకి వంచి వీపు మీద అయిదు చరుపులు చరిచింది. లాభం లేకపోయింది. వెనకనుంచి వాటేసి పొట్ట పైభాగాన పిడికిలితో గట్టిగా లోపలికి నొక్కింది. ముక్క ఎగిరి బల్ల మీదున్న నియమాల పుస్తకం మీద పడింది.

"ప్రాణం పోశారు తల్లీ!" అన్నాడాయన నీళ్లు తాగి.

"అయితే ప్రథమ చికిత్స నాకు వచ్చినట్టే కదా సార్?"

ఆయన ముఖం వాడిపోయింది. "మనిషిగా ఒప్పుకుంటాను. రికార్డు ప్రకారం రాదు."

"మరి ఈ ఉత్తరం?"

"ఇలాంటిది నా సర్వీసులో చూడలేదు. క్లాసు నుంచి మినహాయించే అధికారం నాకు లేదు. డ్యూటీ మానమనే ధైర్యమూ లేదు. ఒక మనిషి ఒకే గంటలో రెండు రిజిస్టర్లలో ఉండకూడదు. ఇందులో ఉంటే అందులో లేనట్టే." ఆయన గోడకేసి తిరిగాడు. "అయినా హాజరు వేసేది నేను కాదుగా. పాఠం చెప్పేవాళ్లు చూసీచూడనట్టు ఓ గీత గీసేస్తే, నా కంట పడదు. నమోదు చేసుకుని వెళ్లండి."

ఆమె సంతకం పెట్టింది. శని, ఆదివారాలు రెండూ అదే ఆలోచన. ఆ పోస్టు ఆమెకి కావాలి. ఇరవై రెండేళ్లు నిలబడ్డ కాళ్లు ఇక కుర్చీ అడుగుతున్నాయి. ఒక్క గీత. ఎవరికి నష్టం? ఎవరు అడుగుతారు?

సోమవారం పది కొట్టగానే ఆమె క్లాసు తలుపు మూసి, హాజరుపట్టీ తెరిచి, వరసగా నలభై రెండు పేర్లు పిలిచి, నలభై మూడోదైన తన పేరు దగ్గర కాసేపు ఆగి, గైర్హాజరు వేసుకుని, పాఠం మొదలుపెట్టింది.