పై తోట

"నీ ద్రాక్షతోటకి బూజు తెగులు పట్టింది. చూసుకున్నావా?"

ఎకార్ట్ రాతిగోడ కింద, తన తోటలో నిలబడి అడిగాడు.

పైనున్న ముసలాయన వెండెలిన్, వీపున మందు డబ్బాతో, ఒక కర్ర పట్టుకుని నిలదొక్కుకున్నాడు. జర్మనీలో మోసెల్ నది పక్కన ఆ కొండవాలు మీద నిలబడడమే ఒక పని.

"చూశాను బాబూ. నిన్ననే రాగి మందు కొట్టాను. వాన కడిగేసింది."

"ఆ డబ్బా మోసుకుంటూ ఈ వాలంతా ఎప్పటికి కొడతావు? చేతకాకపోతే తీగలు పీకెయ్. నీ రోగం మా మీదికి దొర్లించకు."

"సరే. కింది వరసలు పీకేస్తాలే."

అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి ఎకార్ట్‌కి ఇంకా మండింది.

ఎకార్ట్, అతని తల్లి ఒటీలియా తమ తోట ద్రాక్షతోనే తెల్ల వైన్ తీస్తారు. రసాయనం చుక్క తగలనివ్వరు. సీసా మీద, ఒకసారి పోయి తిరిగొచ్చిన సేంద్రియ ముద్రే వాళ్ళ బతుకు. ఆ జూన్‌లో ముసురు వదలక ఆకులన్నీ మచ్చలు తేలుతుంటే, తెగులు పై నుంచే దిగుతోందని ఎకార్ట్ నమ్మకం.

వెండెలిన్ ఎక్కడివాడో ఊళ్ళో ఎవరికీ తెలీదు. ఎవరూ అడగని పై తోట కొన్నాడు. ఒంటరివాడు. వ్యవసాయం రాదు.

"ఈ ఏడు వైనా, వెనిగరా?" అని ఊరి హోటల్లో అడిగేవాళ్ళు.

"వెనిగరైతే మీ సలాడ్ అదృష్టం" అని నవ్వి, బంగాళదుంపల సూపు సగంలో వదిలేసి వెళ్ళిపోయేవాడు.

"పాపం పెద్దాయన. పీకేటప్పుడు ఓ చెయ్యి వేసి రారా" అంది ఒటీలియా.

"తెగులు పెంచినవాడే పీకుతాడు. నువ్వూరుకో అమ్మా."

వారం తిరక్కముందే, ఉదయం తోటకి వెళ్ళిన ఎకార్ట్‌కి గోడ దగ్గర నాలుగైదు తీగలు విరిగి కనిపించాయి.

ముందు తీగలే కనిపించాయి. తర్వాతే మనిషి.

వెండెలిన్ గోడ మీంచి వెల్లకిలా పడి ఉన్నాడు. పెకలించిన మోడు ఇంకా చేతుల్లోనే ఉంది. ఒళ్ళు చల్లబడిపోయింది.

అంత్యక్రియలకి ఒటీలియా వెళ్ళింది. ఎకార్ట్ తోట పని ఉందన్నాడు.

పై తోటని దూరపు మేనల్లుడెవరో ఒక పెద్ద కంపెనీకి అమ్మేశాడు.

మరుసటి మే నెలలో, ఎకార్ట్ తీగలు కడుతుంటే కొండ మీద రెక్కల మోత వినిపించింది. కంపెనీవాళ్ళ హెలికాప్టర్ పై తోట మీద మందు చల్లుతోంది. గాలికి ఆ తుంపర గోడ దాటి, అతని తీగల చిగురాకుల మీద వాలింది. చేతుల మీదా వాలింది.

నది ఒడ్డున హెలికాప్టర్ దిగే చోటికి పరిగెత్తాడు. పైలట్ హెల్మెట్ తీస్తున్నాడు.

"మా తోట మీద పడింది."

"గాలి తిరిగిందండీ."

"అప్పట్లో మా నాన్నకీ మీవాళ్ళు ఇదే చెప్పారు. వైన్‌లో మందు ఆనవాలు తేలిందని ముద్ర తీసేశారు. ఆ చలికాలం ఆయన పీపాల గదిలో ఉరేసుకున్నాడు."

పైలట్ హెల్మెట్ సీటు మీద పెట్టాడు.

"తెలుసు. ఆ రోజు హెలికాప్టర్ నడిపినాయనే నాకు ఈ పని నేర్పాడు. కబురు తెలిసిన రోజే ఉద్యోగం మానేశాడు. మళ్ళీ ఎక్కలేదు."

"ఎక్కడున్నాడు వాడు? ఒక్కసారి వాడి మొహం చూడాలి."

పైలట్ కొండ వైపు చూశాడు.

"పోయిన ఏడాది దాకా మీ గోడ పైనే ఉన్నాడండీ, మీ తోట మీదుగా మాలో ఎవరూ ఎగరకూడదనే ఆ నేల కొన్నాడు."